సత్యపీఠముపై నిలబడినది ఎవరు?

ఆదర్శరాజ్యమును ఊహించుట సాహిత్యమునకు పాత అలవాటు. పురాణములకు రామరాజ్యమున్నది, యూరపునకు 1516లో థామస్ మోర్ వర్ణించిన ‘యుటోపియా’ ద్వీపమున్నది. ఇరువదవ శతాబ్దపు రచయితలు కొందరు ఆ అద్దమును త్రిప్పి పట్టిరి. సర్వమును క్రమబద్ధము చేసి, సర్వసౌఖ్యములను తానే పంచిపెట్టు రాజ్యములో మనుష్యుడు మనుష్యుడుగా మిగులునా అని ప్రశ్నించిరి. అట్లు పుట్టిన నవలలను దుస్స్వప్నరాజ్య నవలలనవచ్చును. వీనిని గూర్చి తెలుగునాట ఒక అభిప్రాయము పాదుకొని యున్నది. అవి యంత్రములను గూర్చినవనియు, రాబోవు కాలమును గూర్చినవనియు, పరదేశములను గూర్చినవనియు పలువురు తలంతురు. ఈ మూడు తలంపులును సరియైనవి కావు. ఆ నవలల నడుమనున్నది ఒకే ప్రశ్న: మనుష్యుడు తాను తానేనని ఎవరికి, ఎందుకు, ఎన్నిమారులు ఋజువు చేసికొనవలెను? ఈ ప్రశ్న లండను నగరమున కంటె నల్లమల అంచున నున్న అర్ధవీడు వంటి చోట సూటిగా వినబడును.

ముందుగా ఆ నవలలనే చూడవలెను. 1909లో ఇ. ఎమ్. ఫార్‌స్టర్ వ్రాసిన ‘యంత్రము ఆగినది’ అను కథలో మానవులు భూగర్భమున తేనెపట్టు గదుల వంటి గదులలో నివసింతురు. ఆహారము, సంగీతము, సంభాషణ, సర్వమును యంత్రమే సమకూర్చును. ఒక కుమారుడు తల్లిని కోరునది చిన్న కోరిక: యంత్రముద్వారా కాక, ఎదుటికి వచ్చి తన్ను చూడవలెనని. ఆ చిన్న కోరికయే అచ్చట తిరుగుబాటు. 1920, 21 సంవత్సరములలో రష్యను రచయిత జమ్యాతిన్ ‘మేము’ అను నవలను వ్రాసెను. అందు జనులకు పేర్లు లేవు, అంకెలున్నవి. ఇండ్లకు గాజుగోడలు. తెరలు దించుకొనుటకు ప్రభుత్వము అనుమతించిన గడియలు. తుదకు కల్పనాశక్తినే శస్త్రచికిత్సచే తొలగింతురు. జమ్యాతిన్ యంత్రద్వేషి కాడు. ఓడలు నిర్మించిన ఇంజనీరు. అతని కోపము చక్రముల మీదను, ఇరుసుల మీదను కాదు, మనుష్యుని అంకెగా మార్చిన బుద్ధి మీద. 1932లో ఆల్డస్ హక్స్‌లీ సృష్టించిన లోకములో దుఃఖము లేదు. మాత్ర మ్రింగినచో అదియు మాయమగును. ఆ లోకమునకు వెలుపల పెరిగిన యువకుడొకడు వచ్చి, దుఃఖపడు హక్కు తనకు కావలెనని అడుగును. 1949లో వెలువడిన ఆర్వెల్ నవలలో విన్‌స్టన్ చేసిన మొదటి నేరము తన్ను కనిపెట్టు తెరను పగులగొట్టుట కాదు. పాత దుకాణమున ఒక తెల్లకాగితముల పుస్తకమును కొని, ఆ తెరకు కనబడని మూల కూర్చుండి తన మనస్సును వ్రాసికొనుట. 1953లో రే బ్రాడ్‌బరీ నవలలో పుస్తకములను కాల్చు రాజ్యమునుండి పారిపోయిన వారు ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రంథమును కంఠస్థము చేసి అడవిలో తిరుగుదురు. అవధానవిద్య పుట్టిన నేల మీది పాఠకునికి ఆ చివరి ఘట్టమును వేరుగ వివరింపనక్కరలేదు.

ఈ అయిదింటిని ఒకచోట చేర్చి చూచినచో ఒక విషయము తేలును. వీరిలో ఎవ్వరును యంత్రమును వద్దనలేదు. తల్లి ముఖము, కాగితము మీది అక్షరము, దుఃఖము, కంఠమందలి పద్యము, తెర దించుకొన్న గది: తనిఖీకి లోబడని వస్తువును ఒకదానిని మనుష్యునికి మిగుల్చుటకే వారు పెనుగులాడిరి. నిజత్వము అనునది అదియే. అది ఒకరు ధ్రువీకరించి ఇచ్చునది కాదు.

ఈ నవలల వెనుక నున్న చరిత్రలో భారతదేశమునకు భాగము కలదని సాధారణముగా గుర్తింపరు. ఆర్వెల్ 1903లో జన్మించినది బీహారులోని మోతీహారిలో. 1922 నుండి 1927 వరకు అతడు బర్మాలో పోలీసు ఉద్యోగి. పరిపాలితుల మీద నిఘా పెట్టుట ఎట్లుండునో అతడు పుస్తకములలో చదివి నేర్చినది కాదు. వేలిముద్ర చరిత్ర అంతకంటె పాతది. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అను తెల్లదొర ఒక గుత్తేదారుచే ఒప్పందపత్రము మీద చేతిముద్ర వేయించెను. ఆ మనిషి మాట చాలదనియు, సంతకము చాలదనియు, దేహమే హామీ కావలెననియు ఆ పని తాత్పర్యము. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇద్దరు భారతీయులు పాటుపడగా, పేరు మాత్రము పై అధికారియైన హెన్రీకి దక్కినది.

తెలుగుదేశములోనే ఈ విద్యను ఒక జాతి మీద ప్రయోగించిరి. 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మరల రూపుదిద్దుకొని మద్రాసు రాజధానికిని వర్తించినది. ఆ చట్టము క్రింద ఒక కులమున పుట్టుటయే నేరమునకు సాక్ష్యము. పేర్లు నమోదు చేసి, వేలిముద్రలు తీసికొని, నియమిత సమయమున హాజరు పలికించి, ఊరు దాటుటకు అనుమతిచీటీ అడుగు విధానము అమలైనది. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము సెటిల్‌మెంటు ఈ చట్టము నీడలో 1913, 14 ప్రాంతమున వెలసినది. సాల్వేషన్ ఆర్మీ వారి ఆజమాయిషీలో ఎరుకల కుటుంబములను అచ్చట నివసింపజేసిరి. 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతటను రద్దైనది. ఊరి మీద పడిన పేరు మాత్రము అంత త్వరగా చెరగలేదు. అంకెలు, హాజరు, అనుమతిచీటీలు గల రాజ్యమును జమ్యాతిన్ ఊహించునాటికి స్టూవర్టుపురము వెలసి ఏడెనిమిది ఏండ్లు గడచినవి. కావున ఈ నవలలు పరదేశమును గూర్చినవన్న మాట నిలువదు.

ఇచ్చట ఒక శాస్త్రచర్చను స్మరించుట అవసరము. జ్ఞానము సత్యమైనదని ఎట్లు తెలియును అను ప్రశ్నపై మీమాంసకులును నైయాయికులును శతాబ్దములు వాదించిరి. జ్ఞానము స్వతఃప్రమాణమని కుమారిలభట్టు మార్గము. కలిగిన జ్ఞానము తనంతట తానే ప్రమాణము. అది తప్పని వేరొకటి చూపువరకు దానిని నమ్మవలెను. నైయాయికులది పరతఃప్రామాణ్యము. జ్ఞానము యథార్థమా కాదా అన్నది వెలుపలి పరీక్షచే తేలవలెను. దీనికి మీమాంసకులు ఒక దోషము చూపిరి: ఒక జ్ఞానమును నిలుపుటకు మరియొకటి, దానిని నిలుపుటకు ఇంకొకటి కావలసివచ్చి, వరుసకు అంతముండదు. అదియే అనవస్థ. ఆ నైయాయికుడు సైతము అలవాటైన చోట, సందేహమే పుట్టనప్పుడు, పరీక్షకు పూనుకొనడు. ఇంట నున్న కుండలో నీరున్నదని ప్రతిదినము వాదము పెట్టుకొనువాడు శాస్త్రజ్ఞుడు కాడు, వ్యాధిగ్రస్తుడు.

ఈ చర్చను మనుష్యునికి అన్వయించినచో దుస్స్వప్నరాజ్యమునకు నిర్వచనము దొరకును. ఏ రాజ్యములో మనుష్యుని ఉనికి పరతఃప్రమాణమగునో, ఏ సందేహమును లేకున్నను ప్రతిదినము అతడు తన్ను తాను ఋజువు చేసికొనవలసి యుండునో, అది దుస్స్వప్నరాజ్యము. యంత్రమున్నదా లేదా అన్నది తరువాతి మాట.

ఇప్పుడు అర్ధవీడునకు రావచ్చును. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములోని ఈ మండలము కంభము చెరువునకు చేరువది. నల్లమల ప్రక్కనున్న మెట్టనేల. వాన పడినచో పైరు, లేనిచో కూలి, కూలియు దొరకనిచో వలస. ఇట్టి సీమకు రెండు సర్కారు ఏర్పాట్లు ప్రాణాధారములు: చౌకదుకాణపు బియ్యము, ఉపాధిహామీ పని. 2015 నుండి ఆంధ్రప్రదేశ్‌లోని చౌకదుకాణములకు వేలిముద్ర యంత్రములు వచ్చినవి. తట్ట మోసి, పార పట్టి, రాతిని తాకి అరిగిన వేళ్లను ఆ యంత్రము గుర్తింపలేకపోవుట ఈ పల్లెలలోనే కాదు, దేశమంతటను కనబడిన సంగతి. ముసలివారిది మరింత కష్టము. దీనికి జనము పెట్టిన పేరు ‘వేలు పడలేదు’. ఆ మాటలో ఎంత వ్యంగ్యమున్నదో గమనింపవలెను. ఎంత ఎక్కువ శ్రమించినచో అంత ఎక్కువగా వ్రేలి గీతలు అరుగును. ఎంత అరిగినచో అంతగా తాను తాను కాకపోవును. శ్రమయే గుర్తింపునకు విఘ్నమైన ఏర్పాటును హక్స్‌లీ కూడ ఊహింపలేదు. అట్టివారి కొరకు గ్రామ రెవెన్యూ అధికారి తన వేలిముద్ర వేసి సరకు ఇప్పించు వెసులుబాటును ప్రభుత్వమే కల్పింపవలసి వచ్చినది. అనగా యంత్రము ఓడినచోట మరల మనుష్యుని సాక్ష్యమే శరణ్యమైనది.

ఉపాధిహామీ సంగతియు ఇట్టిదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆరంభమైన ఆ పథకమునకు 2023 జనవరి 1 నుండి చరవాణి హాజరు విధిగా చేసిరి. పనిచోట దినమునకు రెండుమారులు కూలీల ఛాయాచిత్రములు తీసి, సమయముతోను స్థలముతోను పంపవలెను. కొండ నీడన సిగ్నలు లేని చోట, చేసిన పని యథాతథముగా ఉండి, చేయువాడు మాత్రము లెక్కలో లేకుండుటకు అవకాశమేర్పడినది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టము స్థానమున వేరొక చట్టమును చేసినది. యంత్రధ్రువీకరణ మీది నమ్మకము మాత్రము సడలలేదు. ఈ పరీక్ష కూలీలతో ఆగలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వోపాధ్యాయులను తమ ముఖములను చరవాణికి చూపి హాజరు వేసికొనుమనగా ఉపాధ్యాయ సంఘములు నిరసించినవి.

దీనికి ఎదురువాదము బలమైనదే. దొంగ మస్టర్లు కల్పన కాదు. లేని మనుష్యుల పేర కూలి తిన్నవారును, చనిపోయినవారి కార్డు మీద బియ్యము అమ్ముకొన్నవారును పల్లెటూరికి క్రొత్త కాదు. చిన్న ఉద్యోగి దయ మీద, డీలరు చిత్తము మీద బ్రతికిన బీదవానికి, ముఖము చూడని యంత్రము కొంత ఊరటయే. కులము అడుగదు, కసరుకొనదు, లంచము కోరదు. ఈ వాదమును తేలికగ త్రోసిపుచ్చువాడు పల్లెను ఎరుగనివాడు. పూర్వకాలపు పల్లె సత్యయుగమేమియు కాదు. కాళీపట్నము రామారావు ‘యజ్ఞము’ కథలో ఏ విద్యుద్యంత్రమును లేదు. ఒక అప్పు లెక్క, ఒక పెద్దమనుష్యుల తగవు చాలును. ఆ రెంటి మధ్య నలిగిన తండ్రి తన కొడుకునే నరికివేయును. నియంత్రణకు తీగెలును బ్యాటరీలును అక్కరలేదనుటకు తెలుగులో అంతకు మించిన సాక్ష్యము లేదు.

అయినను ఈ ఎదురువాదము ఒక చోట జారిపోవును. యంత్రము దొంగను పట్టుకొనుటకు వచ్చినదే నిజమైనచో, పరీక్ష దొంగకు జరుగవలెను. జరుగుచున్నది ఎవరికి? 1957లో విజయావారి ‘మాయాబజార్’ చూచిన తెలుగువాడెవ్వడును సత్యపీఠమును మరువడు. దాని మీద నిలబడినవాడు మనస్సులోని మాటను దాచలేడు. కె. వి. రెడ్డి ఆ పీఠము మీదికి చివరకు ఎక్కించినది శకునిని. కుట్ర పన్నినవాడు, అధికారమును వెన్నంటి నడచినవాడు, తన నోటితో తన గుట్టును బయటపెట్టగా హాలు హాలంతయు నవ్వినది. ఆ నవ్వులో న్యాయమున్నది. నేటి సత్యపీఠముల మీద నిలబడుచున్నది శకుని కాడు. తట్ట దించి, చెమట తుడుచుకొని, వ్రేలిని పైటకొంగుతో రుద్ది మరల మరల ఒత్తుచున్న కూలిమనిషి. ఆమెను చూచి ఎవరికిని నవ్వు రాదు. గుత్తేదారు లెక్కలకు, కాలువ అంచనాలకు, బిల్లు మంజూరు చేసిన కలమునకు దినమునకు రెండు ఛాయాచిత్రములు లేవు.

అంతే కాదు. దొంగ యంత్రమునకు లొంగలేదు కూడ. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే ఒక సర్క్యులరు పంపినది. హాజరు పేర సంబంధములేని బొమ్మలు పంపుచున్నారనియు, ఛాయాచిత్రమునకే మరల ఛాయాచిత్రము తీసి పంపుచున్నారనియు అందు పేర్కొనిరి. దానికి విరుగుడుగా గ్రామపంచాయతి మొదలు రాష్ట్రస్థాయి వరకు అంచెలంచెలుగా ఆ చిత్రములను మనుష్యులే పరిశీలింపవలెనని ఆదేశించిరి. మీమాంసకుడు చూపిన అనవస్థ అక్షరాల ఇదియే. కూలికి చిత్రము సాక్షి. చిత్రమునకు గుమాస్తా సాక్షి. గుమాస్తాకు పై గుమాస్తా సాక్షి. ఎక్కడనో ఒకచోట ఒక మనిషి మాటను నమ్మక తప్పదు. ఆ నమ్మికను పై మెట్టున పెట్టవలెనా, క్రింది మెట్టున పెట్టవలెనా అన్నది రాజ్యము తేల్చుకొనవలసిన విషయము. అది సాంకేతిక విషయము కాదు, ధర్మవిషయము.

ధర్మాసనము దీనిని కొంత తాకినది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2018 సెప్టెంబరు 26న అయిదుగురిలో నలుగురు సంక్షేమ పథకములకు ఆధారును సమర్థించిరి, ఒకరు విభేదించిరి. గోప్యతను ధనికుల విలాసమనుట తప్పని ఈ తీర్పులనుండి గ్రహింపవచ్చును. తెర దించుకొను హక్కు గాజు మేడలోని వానికే కాదు, పూరిపాకలోని వానికిని కావలెను.

మార్కాపురము ప్రాంతము ఈ చర్చకు మరియొక ఉపమానమును ఇచ్చును. అది పలక. తరతరముల తెలుగు బాలురు అక్షరములు దిద్దినది మార్కాపురపు గనులనుండి వచ్చిన పలకల మీద. పలకకు ఒక గొప్ప గుణమున్నది. తప్పు వ్రాసినచో అరచేతితో తుడిచివేయవచ్చును. నిన్నటి తప్పు నేటి పాఠమునకు అడ్డురాదు. బాలుడు ‘అ’ను వంకరగా వ్రాసిన సంగతి అతడు పెండ్లాడునాటికి ఏ చిట్టాలోను ఉండదు. నేర్చుకొనుట అనగా తప్పుచేయు స్వేచ్ఛ. తప్పు చెరుగును అన్న ధైర్యము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు విద్యుత్పలకలను, అనగా ట్యాబులను పంచినది. వాని వలన మేలు లేదనుట అన్యాయము. దూరపు పల్లెలోని పిల్లకు మంచి పాఠము చేరుట మేలే. కాని ఇట్టి పలకల మీద చెరపుగుడ్డ ఎవరి చేతిలో నున్నదన్నది ప్రశ్న. అవి బాలుడు ఎన్ని నిమిషములు చదివెనో, ఎచ్చట తడబడెనో గుర్తుంచుకొనగలవు. గుర్తుంచుకొనినది ఎచ్చటికి పోవునో బాలునికి తెలియదు.

ఆర్వెల్ రాజ్యము గతమును చెరిపివేయును. పాత వార్తాపత్రికలను తిరుగ వ్రాసి, మూలప్రతులను మంటకు వేయును. నేటి విధానము అందుకు వ్యతిరేకముగ కనబడును. ఇది ఏదియు చెరపదు. పైకి విరుద్ధములైన ఈ రెండింటిలోను మూలము ఒకటే. ఉంచవలెనా చెరపవలెనా అని నిర్ణయించువాడు ఆ జీవితము గడపినవాడు కాడు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తన సమాచారమును సరిదిద్దుమని, చెరపుమని కోరు హక్కును పౌరునికి ఇచ్చినది. తాను కోరిన ప్రభుత్వ సంస్థలను ఆ చట్టము పరిధినుండి తప్పించు అధికారమును కేంద్రము తనకు ఉంచుకొన్నది. తుడుపుగుడ్డ ఇచ్చి, పలకను అటక మీద పెట్టినట్లైనది.

మరి దొంగను పట్టు మార్గమేది? దానికి సమాధానము తెలుగునాటనే దొరికినది. 2006 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధిహామీకి సామాజిక తనిఖీ అను పద్ధతి నెలకొన్నది. కూలీల కుటుంబములలోని చదువుకొన్న యువతీయువకులు మస్టర్లు తీసికొని ఇల్లిల్లు తిరిగి, ఎవరు ఎన్ని దినములు పనిచేసిరో, ఎంత కూలి ముట్టినదో అడుగుదురు. పిమ్మట ప్రజావేదిక మీద లెక్కలను బిగ్గరగా చదువుదురు. ఫలానా వాడు పనికి రాలేదని, ఫలానా ఆమెకు డబ్బు అందలేదని జనము లేచి చెప్పుదురు. అధికారి అచ్చటనే సమాధానము చెప్పవలెను. ఈ పద్ధతి దోషరహితము కాదు. బెదిరింపులును, రాజీలును, తేలిన సొమ్ము తిరిగి రాకపోవుటయు దీనికి తెగుళ్లు. కాని ఇందు ఒక మహాగుణము కలదు. ఇచ్చట కూలిమనిషి పరీక్షింపబడు వస్తువు కాదు, పరీక్షించు వ్యక్తి. ఆమె మాట ప్రమాణము. సత్యపీఠము మీదికి ఎక్కవలసిన వారిని ఆమెయే ఎక్కించును. యంత్రము ఆమె చేతిలో ఉపకరణమైనచో ఎవరికిని అభ్యంతరముండదు. చరవాణి ఛాయాచిత్రము ఆమె ముఖమునకు కాక, పూర్తికాని కాలువకును, కొలత తప్పిన కట్టకును తీయబడినచో అంతకంటె కావలసినది లేదు.

తుదకు సాహిత్యమును గూర్చి ఒక మాట. తెలుగు చలనచిత్రము దుస్స్వప్నరాజ్యమును చిత్రింపలేదనుటకు వీలులేదు. 1991లో ‘ఆదిత్య 369’ రాబోవు శతాబ్దములలోనికి తొంగిచూచినది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ ఎండిపోయిన కాశిని, దాని పైన తేలు భోగలోకమును చూపినది. నవల మాత్రము ఈ దారిని అరుదుగా త్రొక్కినది. త్రొక్కినప్పుడును దూరపు శతాబ్దమునకు, గ్రహాంతరములకు పోవుటకే ఉబలాటపడినది. రచయితలు అంత దూరము పోనక్కరలేదు. రావిశాస్త్రి సారా కథలకు కోర్టు వరండాయే ప్రపంచమైనట్లు, రేపటి తెలుగు నవలాకారునికి అర్ధవీడు వంటి ఊరిలో ఒక చౌకదుకాణపు అరుగు చాలును. వరుసలో నిలబడిన ముసలిది, అరిగిన వ్రేలు, ఆగి ఆగి వెలుగు పచ్చదీపము, తానును అదే యంత్రమునకు లెక్క చెప్పవలసిన డీలరు, ఆమె ఎవరో పుట్టినప్పటినుండి ఎరిగియుండియు ఆమె ఆమెయేనని చెప్పుటకు అధికారము లేక నిలబడిన ఊరివారు. ఈ చివరివారి మౌనమే ఆ నవలకు వస్తువు. తమ ఇరుగుపొరుగును తమ కన్నులతో గుర్తించు అధికారమును ఒక ఊరు ఎట్లు పోగొట్టుకొన్నది, పోగొట్టుకొన్నట్లు తెలిసికొన్నదా లేదా, తిరిగి తెచ్చుకొనుటకు ఏమి చేసినది అని వ్రాయగలిగినవాడు ఫార్‌స్టర్‌కును ఆర్వెల్‌కును ఋణపడడు. మనుష్యుడు స్వతఃప్రమాణమని నమ్మి వ్రాయుటయే అతడు చేయవలసిన పని. సందేహింపదగినవారు పల్లెలోను, పట్టణములోను, రాజధానిలోను ఎందరో కలరు. పరీక్ష వారితో మొదలుకావలెను.